తలారిని స్మరింపవలదా?

ప్రతిసంవత్సరము కార్తిక అమావాస్యనాడు మన పల్నాటిసీమలోని కారెంపూడికి జనులు తండోపతండములుగ వచ్చుచుందురు. పన్నెండవ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్ల నేలిన మలిదేవరాజునకును జరిగిన యుద్ధమునందు మడిసిన వీరుల పేర అచ్చట ఐదుదినములు ఉత్సవము జరుగును. ఆ వీరుల వంశమువారు దూరపు టూళ్లనుండి తమ పూర్వుల ఆయుధములను భక్తితో తెచ్చి, నాగులేటి నీట కడిగి, వీరుల గుడికి కొనిపోవుదురు. వీరవిద్యావంతు లనబడువారు ఆ కథను తరతరములుగ పాడుచున్నారు. ఎనిమిదివందల యేండ్లు దాటినను ఆ పేళ్లు మాయలేదు. బ్రహ్మనాయడు, కన్నమదాసు, బాలచంద్రుడు అనిన నెఱుగని బాలుడు మన పాఠశాలలో లేడు. చచ్చినవారిని మఱవకుండుట యెట్లో పల్నాటివారికి ఎవ్వరును క్రొత్తగ నేర్పనక్కఱలేదు.

ఈ విద్య మనకు కారెంపూడి యుద్ధముతో వచ్చినదియు కాదు. మాచెర్లకు సమీపమున, కృష్ణాతీరమందలి నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు రాజుల కాలపు శిథిలములు 1926లో బయటపడెను. 1954 మొదలు 1960 వఱకు అచ్చట పెద్ద త్రవ్వకములు జరిగెను. పిమ్మట నాగార్జునసాగరపు నీరు ఆ లోయను ముంచివేయగా, దొరకిన వస్తువులను ఇప్పుడు ద్వీపమైయున్న కొండమీది ప్రదర్శనశాలలో భద్రపఱచిరి. వానిలో ఛాయాస్తంభము లనునవి కలవు. గతించినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లవి. రాజగు చాంతమూలుని పేర నిలిపిన స్తంభము కలదు. సేనానుల పేర, యుద్ధమున కూలిన భటుల పేర నిలిపినవియు కలవు. ఆ శాసనములలోనే ‘మహాతలవర’ యను బిరుదు పలుమాఱులు కనుపించును. రాజు చెల్లెలగు చాంతిసిరి భర్తయు మహాతలవరుడే. ఆ ‘తలవర’ శబ్దమే కాలక్రమమున మన ‘తలారి’ యైనదని పలువురు పండితులు తలంచుచున్నారు. మధ్యకాలపు తెలుగు కావ్యములలో తలారులు పట్టణమున రాత్రివేళ తిరుగు రక్షకభటులుగ కనుపింతురు. రాజబంధువులు ధరించిన బిరుదు కడపట ఊరిచివర కఱ్ఱపట్టుకొని తిరుగు పేదవాని పేరైనది.

కావున మేము చదువరుల నొక ప్రశ్న యడుగ దలచితిమి. యుద్ధమున చచ్చినవానికి రాయి నిలిపిన సీమలో, ఊరికి కావలికాచి చచ్చిన తలారికి రాయి యేది? రాయి పోనిండు, పేరేది?

తలారి యనగా నెవ్వడో నేటి బాలబాలికలలో పెక్కుమందికి తెలియకపోవచ్చును. కనుక కొంచెము వివరింతుము. మద్రాసు రాజధానిలో సర్ తామస్ మన్రో సంస్కరణముల ఫలముగ 1816వ సంవత్సరమున 11వ రెగ్యులేషను వెలువడెను. దానివలన గ్రామపు పెద్ద, అనగా గ్రామమునసబు, ఊరి పోలీసునకు అధికారి యయ్యెను. తలారి యాతని చేతిక్రింది బంటు. 1859లో జిల్లాలకు క్రొత్త పోలీసు వచ్చినను, ఠాణా క్రోసులదూరమున నుండెడిది గనుక ఊరిలో జరిగిన దేదైనను మొదట తలారి కాళ్లమీదనే ఠాణాకు చేరెడిది. రాత్రి కావలి తిరుగుట, క్రొత్తవారెవరైన ఊరికి వచ్చినచో కనిపెట్టుట, దొంగల అడుగుల జాడ తీయుట, శిస్తు సొమ్మును తాలూకా కచ్చేరికి తీసికొనిపోవునపుడు తోడుపోవుట, బావిలోనో చేలోనో శవము కనుపించినచో పోలీసులు వచ్చువఱకు దానివద్ద ఒంటరిగ కూర్చుండుట, ఇవన్నియు తలారి పనులే. ప్రతిఫలముగ కొంచెము ఈనాము భూమియో, కళ్లములో ధాన్యపు మేరయో, తరువాత నెలకు కొద్దిజీతమో ముట్టెడిది. ఆంధ్రప్రదేశమున 1984 జనవరిలో వంశపారంపర్యముగ వచ్చిన గ్రామోద్యోగములను ప్రభుత్వము రద్దుచేసెను. దానితో మునసబు, కరణముల కాలము ముగిసినది. ఆ పాతయేర్పాటును స్వయముగ చూచినవారు నేడు వృద్ధులైనారు.

ఇక మా యింటిమాట చెప్పవలసియున్నది. మేమును తలారి యింటివారమే.

మా నాయనమ్మకు మామగారు, అనగా మా ముత్తాత, పల్నాటిలో నొక చిన్నయూర తలారిగ నుండెను. మించాలపాటి హనుమంతును కాల్చి చంపిన మఱుసటి యేట అని మా యింట ఆ సంవత్సరమును గుర్తుపెట్టుకొనిరి. జొన్నకోతలు ముగిసి కళ్లములలో ధాన్యము రాసులుగ నుండెను. అర్ధరాత్రి దాటినపిమ్మట దొంగలు వచ్చిరి. మా ముత్తాత యొక్కడే, వారు నలుగురైదుగురు. ఆతడు చెట్టుచాటున నక్కియుండవచ్చును, ఎవ్వరును తప్పుపట్టకపోదురు. కాని యట్లు చేయక, కళ్లములలో నిదురించుచున్న రైతులను లేపుటకై గట్టిగ కేకవేసెను. కేక విని రైతులు లేచిరి. ధాన్యము దక్కెను. దొంగలు చీకటిలో పాఱిపోయిరి. కేకవేసినవాడు మాత్రము దక్కలేదు. తలమీద దెబ్బ తగిలి తెల్లవాఱకమునుపే ప్రాణము విడిచెను. రైతులు తలకొక కుంచెడు జొన్నలు మా యింట పోసిరి. నెల తిరుగకమునుపే మా తాతను ఆ పనిలో నిలిపిరి. ఆతడు తండ్రి కఱ్ఱనే పట్టుకొని, తండ్రి పడినచోటి మీదుగనే ప్రతిరాత్రియు కావలి తిరిగెను.

మా నాయనమ్మ అప్పటికి కాపురమునకు వచ్చి యేడాదియైన కాలేదు. ఆమె ఈ కథను మాకు పదిమాఱులు చెప్పినది. కాని ఒక్కమాఱైనను పేరు చెప్పలేదు. కోడలు మామగారి పేరు నోట పలుకరాదు గదా. ‘మా మామ’ యనెడిది. మా తాత ‘మా అయ్య’ యనెడివాడు. ఊరివారందఱు ‘తలారి’ యనియే పిలిచెడివారు. పేరడిగి తెలిసికొనవలసినవారము మేము. మేము అడుగలేదు. ఏల యడుగలేదనగా, సిగ్గుచేత. ఉన్నతపాఠశాలలో చేరినపుడు పెద్దల వృత్తి యేమని యడుగగా ‘సేద్య’మని వ్రాయించితిమి. అరయెకరము ఈనాముభూమి యుండుటచే నది బొత్తిగ అబద్ధము కాదు. కాని నిజమును కాదు. ప్రక్కనున్న మునసబుగారి మనుమడు తలయెత్తి తన తాతగారి పేరు చెప్పుచుండగా మేము తలవంచుకొని సేద్యమంటిమి. తరువాత నుద్యోగములు చేసితిమి, దేశము తిరిగితిమి, కారెంపూడి వీరులనుగూర్చి ఉపన్యాసములైన నిచ్చితిమి. అడుగవలెనను బుద్ధి పుట్టునప్పటికి తాతయు, నాయనమ్మయు, మా తండ్రియు గతించిరి. అటకమీద కఱ్ఱ మాత్రము మిగిలినది. దానిమీద పేరు లేదు.

ఇప్పు డొక ఆక్షేపణ వచ్చును. తలారి పరప్రభుత్వపు బంటు కాడా? ఆతనిని స్మరించుట దాస్యమును స్మరించుట కాదా? ఈ ప్రశ్న పల్నాటిలో మిక్కిలి బలమైనది. 1921లో అడవిలో పసువులను మేపుకొనుటకు పుల్లరి కట్టుమని నిర్బంధింపగా మన రైతులు ఎదురుతిరిగిరి. అధికారులకు చాకలి, మంగలి పనులు మానిపించిరి. తిండిసామగ్రి అమ్మక నిలిపివేసిరి. ఆ సంగతులను విచారింపవచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని చెఱలో పెట్టిరి. ఆ చెఱలోనే ఆయన ‘మాలపల్లి’ నవలను వ్రాసెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునొద్ద కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ దినములలో తలారి పరిస్థితి యెట్లుండెనో యోచింపుడు. దొరలు దిగినచో వారికి కట్టెలు, నీళ్లు, గడ్డి సమకూర్పవలసినది తలారియు, వెట్టివాడును. సమకూర్చినచో ఊరు వెలివేయును. సమకూర్పనిచో సర్కారు శిక్షించును. ఆ యేర్పాటు చేసినది ఆతడు కాదు. ఆతని కడుపు, కుటుంబము ఆ యేర్పాటునకు కట్టివేయబడియుండెను.

అట్లని తలారులందఱు సాధువులని మేము చెప్పము. ఊరివారిని బెదరించి లంచము తినినవారు లేకపోలేదు. దొంగలతో పొత్తుకలిసినవారును లేకపోలేదు. పాతచట్టముమాత్రము న్యాయమైనదా? 1816వ సంవత్సరపు ఆ రెగ్యులేషనులోనే, చిన్నతప్పులకు పైకులములవారిని చావడిలో నిర్బంధింపవచ్చుననియు, క్రిందికులములవారిని మాత్రము బొండకొయ్యలో బిగింపవచ్చుననియు వ్రాసియుండెను. ఒకే తప్పునకు ఇద్దఱికి రెండువిధములైన అవమానము! ఆ బొండకొయ్యకు కావలికాచినవాడే, కులము చెప్పి దానిలో బిగింపబడగలవాడుగను ఉండెను. ఈ యన్యాయమును మఱచి తలారితనమును పొగడుట మా యుద్దేశము కాదు. ఆ యేర్పాటు పోవలసినదే, పోయినది మేలే. కాని యేర్పాటు నింద్యమైనంతమాత్రమున దానిక్రింద నలిగినవాని ధర్మబుద్ధియు నింద్యమగునా? కళ్లములో కేకవేసిన రాత్రి మా ముత్తాత సర్కారుకొఱకు కేకవేయలేదు. ఊరి జొన్నలకొఱకు వేసెను. ఆ జొన్నలలో ఆతనికి వచ్చు మేర గుప్పెడు మాత్రమే.

పుల్లరి దినములకే చెందిన మఱియొక యుదాహరణము చూడుడు. హనుమంతు కూలిన ఆ ఫిబ్రవరి నెలలోనే, 4వ తేదీని, ఉత్తరదేశమున చౌరీచౌరాలో పోలీసు కాల్పులతో కోపించిన జనసమూహము ఠాణాకు నిప్పుపెట్టగా ఇరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో జీతపు పోలీసులే గాక గ్రామములనుండి వచ్చిన చౌకీదారులును, అనగా మన తలారులవంటివారును, ఉండిరి. మహాత్మాగాంధి సహాయనిరాకరణమును నిలిపివేసి ఐదుదినములు ఉపవసించెను. ఆ నేరమునకై 1923లో 19 మందిని ఉరితీసిరి. నేడు ఆ యూర రెండు స్మారకములు కలవు: ఒకటి చచ్చిన పోలీసులకు, మఱియొకటి ఉరితీయబడిన గ్రామస్థులకు. ఒకదానికి మ్రొక్కినవాడు రెండవదానిని పడగొట్టలేదు. దేశమునకు రెండు దుఃఖములను మోయు గుండె కలదని ఆ యూరు చూపుచున్నది. పల్నాటికి మాత్రము అంత గుండె లేదా? హనుమంతు త్యాగమును కొనియాడు నోటితోనే పేద తలారి మరణమును చెప్పుకొనుటలో విరోధ మేమియు మాకు కనుపింపదు. ఒకడు అన్యాయపు శాసనమును ధిక్కరించి చచ్చెను; ఒకడు పొరుగువాని సొత్తును కాచి చచ్చెను. ఇద్దఱును ఇతరులకొఱకే చచ్చిరి.

ఇతరులు తమ రక్షకుల నెట్లు స్మరించుచున్నారో యెఱుగుట మంచిది. 1959 అక్టోబరు 21న లడఖులోని హాట్‌స్ప్రింగ్సునొద్ద చైనా సైనికుల కాల్పులలో మన పోలీసులు 10 మంది మడిసిరి. నాటినుండి ఆ దినమున దేశమంతట పోలీసు అమరవీరుల స్మరణము జరుగుచున్నది. 2018లో అదే తేదీని న్యూఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకమును ప్రారంభించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప విధినిర్వహణమున మరణించినవారి పేళ్లు, 34 వేలకు మించినవి, అచ్చటి గోడమీద చెక్కబడినవి. మిక్కిలి ప్రశంసనీయమైన కార్యము. కాని మా ముత్తాతవంటి వారికి ఆ గోడమీద చోటులేదు: వారు చచ్చినది స్వాతంత్ర్యమునకు ముందు. అమెరికా రాజధానియగు వాషింగ్టనులో 1991లో నెలకొల్పిన స్మారకమున పద్ధతి వేఱు. అచ్చట పదునెనిమిదవ శతాబ్దినాటి పల్లెటూరి కానిస్టేబులు పేరును కలదు. మఱుగుపడిన పాతపేళ్లను వెదకి తెచ్చి తగిన సాక్ష్యము చూపినచో, ఎన్నియేండ్లు గడచినను ఆ పేరును గోడకు చేర్చుదురు. ఆలస్యమైనదను కారణముచే ఎవ్వనిని త్రోసివేయరు.

మనము పాలరాతిగోడలు కట్టజాలము. కాని మనకొక పాఠశాల కలదు, ఒక పత్రిక కలదు, వ్రాయనేర్చిన వందలకొలది బాలబాలికలు కలరు. 2022 ఏప్రిలు 4న నరసరావుపేట ముఖ్యస్థానముగ పల్నాడు జిల్లా యేర్పడిన పిదప మన సీమ చరిత్రను వ్రాసికొనవలెనను ఉత్సాహము హెచ్చినది. ఆ చరిత్రలో రాజులకును, వీరులకును చోటు కొఱతపడదు. ఊరి తలారికి చోటీయవలెననిన మాత్రము మనమే పూనుకొనవలయును.

కావున విద్యార్థులారా, మీకు మా మనవి యిది. ఈ సెలవులలో మీ యింట, మీ వాడలో మిక్కిలి వృద్ధులైనవారి చెంత కూర్చుండుడు. మన యూర తలారిగ, వెట్టిగ, అడవికావలివాడుగ, కానిస్టేబులుగ పనిచేయుచు మరణించినవా రెవరైన కలరా యని యడుగుడు. మొదట పేరడుగుడు. ‘తలారి తాత’ యని చెప్పినచో అంతటితో తృప్తిపడకుడు. తల్లి పెట్టిన పేరేమని మరల నడుగుడు. ఆడవారు పెద్దల పేరు పలుక వెనుదీసినచో బంధువులలో మఱియొకరి నడుగుడు. సంవత్సరము తెలియనిచో ఏ గాలివానకు ముందో, ఏ కఱవునకు తరువాతనో అడిగి వ్రాసికొనుడు. ఎవరు చెప్పిరో వ్రాయుడు. చూచినవారు చెప్పినది చూచినట్లుగను, విన్నవారు చెప్పినది విన్నట్లుగను వ్రాయుడు. నలుగురు దొంగలను నలువదిమందిగ చేయకుడు. మీ పూర్వునకు లేని గొప్పదనమును అంటగట్టుటయు, ఉన్న గొప్పదనమును దాచుటయు రెండును అసత్యములే.

తలిదండ్రులారా, మీ బిడ్డలు అడిగినపుడు ‘ఆ సంగతు లిప్పు డెందుకు’ అని కసరకుడు. మీకు కలిగిన అవమానములను వారికి చెప్పుటకు జంకకుడు. బొండకొయ్య సంగతి వినని బిడ్డకు, తానిప్పుడు బల్లమీద కూర్చుండి చదువుకొనుట యెంత పోరాటఫలమో తెలియదు. ఉపాధ్యాయులారా, పిల్లవాడు లేచి ‘మా ముత్తాత తలారి’ యని చెప్పినపుడు తరగతిలో నవ్వు పుట్టకుండ చూడుడు. ఒక్కనవ్వు నూఱేండ్ల మఱపునకు చాలును. మాకది స్వానుభవము.

ప్రతిసంవత్సరము అక్టోబరు 21న ఉదయము ప్రార్థనాసమావేశమున ఈ పేళ్లను బిగ్గరగ చదివించుటకును, సంచికలో వానికొక పుట నిచ్చుటకును పాఠశాలవారు సమ్మతింతురని నమ్ముచున్నాము. వాద్యములు వలదు, దండలు వలదు. పేరు, ఊరు, చచ్చినవిధము, ఇంతే చాలును. నాగులేటిలో ఆయుధములు కడుగువారి భక్తి కిది తక్కువైనది కాదు.

ఆ పుటలో మా ముత్తాతకొఱ కొక పంక్తిని విడువుడని సంపాదకులను కోరుచున్నాము. ఊరి పేరు వ్రాయుడు, తలారి యని వ్రాయుడు, కళ్లమున కేకవేసి మరణించెనని వ్రాయుడు. పేరుండవలసినచోట ఖాళీగ నుంచుడు. మేము కల్పించి వ్రాయజాలము. ఆ ఖాళీని చూచిన బాలుడో బాలికయో ఆ సాయంకాలము ఇంటికి పోయి, ఇంకను బ్రతికియున్న తాతనో నాయనమ్మనో ఒక్కపేరడిగినచో, మా సిగ్గునకు కొంత ప్రాయశ్చిత్తము జరిగినట్లు భావింతుము.